లోకమును చదివిన మహాకవి

ప్రతిదినమును మన కన్నుల యెదుట నుండు వస్తువులను మనము చూచుచునే యుందుము, కాని గమనింపము. ఇంటి ముందటి అరుగు, వీథి చివరనున్న నూయి, అంగడి గుమ్మము, నాలుగు త్రోవలు కలియుచోట నిలిచిన గడియార స్తంభము - ఇవన్నియు మనకు పుట్టినది మొదలు పరిచితములే. వీనిని మనుష్యులే తమ అవసరములకు తగినట్లు కల్పించుకొనిరి. కల్పించుకొన్న పిమ్మట అవియే మనుష్యుల నడవడిని దిద్దసాగినవి. అరుగున్నచోట నలుగురు కూర్చుందురు; నలుగురు కూర్చున్నచోట మాటలు పుట్టును; ఆ మాటలలో పొరుగువారి గుట్టు వీథిని పడును. గడియారము గంట కొట్టిన యూరిలో జనులు గంటను బట్టి నడువ నేర్తురు.

ఆచారములును ఇట్టివే. అవి ఆకాశము నుండి ఊడిపడినవి కావు, మనుష్యులు కల్పించుకొన్నవే. అలవాటైన వస్తువు కంటికి ఆననట్లే, అలవాటైన దురాచారము కూడ కంటికి ఆనదు. అట్టిదానిని తాను చూచి, పదిమందిచేత చూపించిన వాడు సంఘమునకు గొప్ప మేలు చేసినవాడగును. విజయనగరమున జీవితములో అధికభాగము గడపి, ఆ పట్టణపు మనుష్యులను గ్రంథమువలె చదివిన గురజాడ వేంకట అప్పారావుగారు అట్టి మహనీయులలో అగ్రగణ్యులు.

అప్పారావుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, నేటి అనకాపల్లి జిల్లాలో యలమంచిలికి సమీపమున నున్న రాయవరము గ్రామమున, తమ మేనమామగారి యింట జన్మించిరి. తండ్రి వేంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. రామదాసుగారు విజయనగర సంస్థానమున ఉద్యోగి. చీపురుపల్లిలో బాలునకు చదువు ప్రారంభమయ్యెను. చిన్నతనముననే తండ్రి గతింపగా, పై చదువులకై అప్పారావుగారు విజయనగరము చేరిరి. అప్పుడు మహారాజా కళాశాల ప్రిన్సిపాలుగా నుండిన చంద్రశేఖరశాస్త్రిగారు ఈ బాలుని బుద్ధిసూక్ష్మతను గుర్తించి, తమ యింటనే బసయు భోజనమును కల్పించి చదివించిరి. ఒక ఉపాధ్యాయుని ఔదార్యము తెలుగుదేశమునకు ఒక మహాకవిని నిలిపి యిచ్చినది.

ఆనాటి విజయనగరము ఎట్టిదో కొంచెము తెలిసికొనవలెను. 1713లో కట్టబడిన కోట చుట్టును పెరిగిన పట్టణమది. ఒకవైపు సంస్థాన వైభవము. పండితులు, సంగీత విద్వాంసులు, మల్లులు. మరియొకవైపు క్రొత్త కాలపు చిహ్నములు: 1857లో పాఠశాలగా మొదలై 1879లో కళాశాలగా మారిన ఆంగ్ల విద్యాలయము, కచేరీలు, వకీళ్లు, టపా కార్యాలయము. 1885లో గంటస్తంభము వెలసెను. 1893 మొదలు 1896 వరకు తూర్పుతీరపు రైలుమార్గము క్రమముగా పూర్తియయ్యెను. అగ్రహారములో ఎవరి యరుగున ఎవరు కూర్చుండవలెనో తరతరములుగా నిర్ణయింపబడి యుండెను. రైలుబండిలోని బల్లకు ఆ నిర్ణయము తెలియదు. ఇట్లు పాతదియు క్రొత్తదియు ఒకే వీథిలో ఎదురుపడుచుండిన కాలమది. అట్టి కాలమున మనుష్యుల నిజస్వరూపము తేటగా బయటపడును. కొందరు క్రొత్త వేషము వేసికొని పాత బుద్ధితోనే యుందురు. కొందరు పాత వేషములో నుండియే క్రొత్త దయను చూపుదురు. చూడగల కన్నులున్నవారికి ఇంతకు మించిన పాఠశాల వేరొకటి లేదు.

అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. పరీక్షలయందు ఉత్తీర్ణులైరి. వారి సహాధ్యాయులలో ఒకరు గిడుగు వేంకట రామమూర్తిగారు. రామమూర్తిగారు నేటి శ్రీకాకుళము జిల్లాలో శ్రీముఖలింగ క్షేత్రము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించినవారు. తరువాతి కాలమున తెలుగు భాషా చరిత్రనే మార్చిన ఈ యిద్దరు మిత్రులును ఒకే బడి బల్లలపై కూర్చుండి చదివిరనుట విశేషము. విద్యార్థి దశయందే అప్పారావుగారు ఇంగ్లీషున కవిత్వము వ్రాసిరి. 1883లో వారి సారంగధర కావ్యము ఒక ఆంగ్ల పత్రికలో ప్రకటింపబడగా, కలకత్తాలో పత్రికా సంపాదకుడైన శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చి తన పత్రికలో పునర్ముద్రించెను. పరభాషలో నెంత వ్రాసినను మాతృభాషలో వ్రాసిన ఫలము దక్కదని ఆయన హితవు చెప్పెను. ఆ హితవు అప్పారావుగారి మనసున నాటుకొనెను.

1884లో నెలకు 25 రూపాయల జీతముపై మహారాజావారి ఉన్నత పాఠశాలయందు ఉపాధ్యాయులైరి. 1885లో అప్పల నరసమ్మగారితో వివాహమయ్యెను. 1886లో బి.ఏ. పట్టము పొంది, కొంతకాలము డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్డు గుమాస్తాగా పనిచేసి, 1887లో మహారాజా కళాశాలయందు ఉపన్యాసకులుగా చేరిరి. అచట ఇంగ్లీషు వ్యాకరణమును, సంస్కృత సాహిత్యమును, గ్రీకు రోమను దేశముల చరిత్రలను బోధించిరి. విజయనగర ప్రభువైన ఆనందగజపతి మహారాజు వారి పాండిత్యమును మెచ్చి, సంస్థానమున శాసన పరిశోధకులుగా నియమించెను. ఈ విధముగా బడి, కచేరీ, కళాశాల, రాజమందిరము - నాలుగు చోటులను లోపలినుండి చూచు అవకాశము వారికి కలిగెను. శాసనములను చదువువాడు శిథిలమైన యక్షరమునైనను తొందరపడక, పోల్చి చూచి నిర్ణయించును. అప్పారావుగారు రాళ్లపై వ్రాతను చదివిన ఓరిమితోనే మనుష్యుల ముఖములను, మాటలను, నడవడిని చదివిరి.

ఆ కాలమున మన ప్రాంతమున కన్యాశుల్కమను దురాచారము ప్రబలియుండెను. ఆడపిల్లను పెండ్లి చేయుటకు తండ్రి వరునివద్ద ధనము గ్రహించును. ధనమెక్కువ ఇచ్చువాడు ముసలివాడైనను సరే, వానికే పిల్ల దక్కును. వాడు గతించిన యెడల లోకమే తెలియని పసిపిల్ల విధవయగును. పసుపు కుంకుమలను, పూవులను, శుభకార్యములను విడిచి, ఇంటి మూల బ్రతుకంతయు గడపవలసి వచ్చును. ఇది అందరికి తెలిసినదే. అయినను ఎవరికిని వింతగా తోచలేదు. పెండ్లిపందిరి, బాజాభజంత్రీలు, విందుభోజనము - వీని నడుమ జరుగుచున్నది బేరమని ఎవరును పైకి అనకుండిరి.

1887 ప్రాంతమున ఆనందగజపతి మహారాజు ఒక గొప్ప పని చేయించెను. విశాఖపట్టణము జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో మూడు సంవత్సరముల కాలమున జరిగిన శుల్క వివాహముల పట్టికను సిద్ధము చేయించెను. పిల్లకు సొమ్ము పుచ్చుకొంటినని తండ్రి తనంతట తాను ఒప్పుకొనడు గదా! కావున ఆ పట్టిక సంపూర్ణమని చెప్పుటకు వీలులేదు. అయినను అందు నమోదైన పెండ్లిండ్లు 1,034. అనగా సంవత్సరమునకు సగటున 344. వారిలో ఐదేండ్ల ప్రాయమున పెండ్లియైన బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఒక్క ఏడాది నిండిన శిశువులు ముగ్గురు. తల్లి గర్భమున నున్న శిశువునకు సైతము బేరములు జరుగుచుండెననిన, ఆ దుస్థితిని ఊహింపవచ్చును.

విద్యార్థులారా, ఈ యంకెలను మీరే కూడి చూడుడు. ఐదేండ్లును అంతకు లోబడిన ప్రాయమును గల బాలికలు 188 మంది తేలుదురు. పలక పట్టవలసిన చేతులకు కంకణము కట్టిరి. మీ యింట నడక నేర్చుచున్న చెల్లెలిని ఒక్కమారు తలచుకొన్నచో, ఆ యంకెలలోని దుఃఖము మీకు బోధపడును. పట్టికలోని యంకెలు పండితులకు తెలియును. సామాన్యులను అవి కదిలింపవు. వారిని కదిలింపవలెనన్నచో వారి బ్రతుకునే వారి యెదుట నిలిపి చూపవలెను. అందులకు అప్పారావుగారు ఎన్నుకొన్న సాధనము నాటకము. కన్యాశుల్క నాటకము 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడెను. 1897లో గ్రంథరూపమున వెలువడినపుడు ఆనందగజపతి మహారాజునకు అంకితమయ్యెను. అందలి ఆంగ్ల పీఠికయందు అప్పారావుగారు పై పట్టికలోని యంకెలను పొందుపరచిరి.

నాటక కథ సంగ్రహముగా ఇది. కృష్ణరాయపురాగ్రహారమున అగ్నిహోత్రావధానులు అను కోపిష్ఠి కలడు. పెద్ద కూతురు బుచ్చమ్మ బాలవిధవ. అయినను బుద్ధి రాక, చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధానులు అను ముసలివానికి సొమ్ము పుచ్చుకొని ఇచ్చుటకు నిశ్చయించెను. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి ఈ ఘోరమును మాన్పదలచి, తన శిష్యునకే ఆడపిల్ల వేషము వేసి, తక్కువ ధరకు దొరకిన పిల్లయని నమ్మించి, ముసలివానికి పెండ్లి చేయించెను. ధర తక్కువయైనచోటికే లోభి మనసు మరలునని అతడు కనిపెట్టెను. సంఘము చిన్నచూపు చూచు కులమున పుట్టిన మధురవాణి తన తెలివితోడను, జాలితోడను ఈ కార్యమునకు తోడ్పడెను. పెద్దలనిపించుకొన్నవారికంటె ఆమెయే ఉత్తమురాలని నాటకాంతమున ప్రేక్షకుడు గ్రహించును.

ఈ నాటకము విజయనగరమున కోట సమీపమునందలి బొంకులదిబ్బ యొద్ద ప్రారంభమగును. అచట మనకు తొలుత కనిపించువాడు గిరీశము. పురాణములలోని రాజునకు బదులు, వీథిలో అప్పులవాండ్లకు తప్పించుకొని తిరుగు ఒక మాటకారిని రంగస్థలముపై తొలుత నిలుపుట ఆ కాలమున సాహసమే. ఆనాటి ప్రేక్షకుడు నాటకశాలనుండి వెలువడి నాలుగడుగులు వేసినచో ఆ స్థలమే, అట్టి మనుష్యులే ఎదురగుదురు. తాను చూచినది వేరొక లోకపు కథ యని తప్పించుకొనుటకు వానికి వీలు లేకపోయెను.

అప్పారావుగారి పరిశీలన ఎంత సూక్ష్మమో చిన్న చిన్న వస్తువులవలననే తెలియును. పూటకూళ్ల యిల్లు పట్టణములకు తప్పనిసరియైన యేర్పాటు. సొంత కుటుంబము లేని ఉద్యోగులు, విద్యార్థులు పూటకింత యని ఇచ్చి అచట భుజింతురు. అట్టి యింట అప్పుపెట్టి తిని, ఆ యింటి యామెనే మోసగించువాడు గిరీశము. ఆమె చీపురుకట్టతో వెదకుచు రాగా వాడు మంచము క్రింద దాగును. గొప్పవాడనని మీసము దువ్వు రామప్పపంతులు కూడ ఆ మంచము క్రిందికే చేరును. మంచము శయనించుటకు చేయబడినది. కాని దాని క్రింది చీకటి పిరికివానికి కోటయైనది. వస్తువును చేసినవాడు తలపని ప్రయోజనమును మనుష్యుడు దానికి కల్పించును. ఆ కల్పనలో తన గుణమును తానే బయటపెట్టుకొనును. గిరీశము చేతి చుట్టయు, నోటి ఇంగ్లీషు ముక్కలును అట్టివే. శిష్యుడైన వెంకటేశముతో కలిసి అర్థము లేని ఇంగ్లీషు పలుకగా, ఆ తల్లి తన కుమారుని చదువునకు మురిసిపోవును. ఆంగ్లము ఆ యింట జ్ఞానముగా గాక మెడలో హారముగా పనికివచ్చెను.

మరియొక విశేషము గమనింపదగినది. గిరీశము సంఘసంస్కరణమును గూర్చి అనర్గళముగా మాటలాడును. ఆచరణమున మాత్రము స్వలాభమే చూచుకొనును. అప్పారావుగారు స్వయముగా సంస్కరణ పక్షపాతులు. రాజమహేంద్రవరమున 1881లో తొలి వితంతు వివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారి కృషిని ఎరిగినవారు. అయినను తమ పక్షమువారి కపటమును కూడ దాచలేదు. ఎదుటివారి తప్పులనే చూచువాడు నిజమైన పరిశీలకుడు కాడు. అగ్నిహోత్రావధానులను, లుబ్ధావధానులను సైతము రాక్షసులుగా చిత్రింపక, మన వీథిలో కనబడు మనుష్యులుగానే చిత్రించిరి. అందువలన ప్రేక్షకుడు నవ్వును. నవ్వి, తన యింటివైపు తిరిగి చూచుకొని సిగ్గుపడును.

ఆ కాలపు నాటకములయందు పాత్రలు సాధారణముగా గ్రాంథిక భాషయందు పలుకుచుండెడివి. అప్పారావుగారు ఆ పద్ధతిని విడిచిరి. అగ్రహారపు అవధాని యొక రీతిని, వకీలు మరియొక రీతిని, ఇంటి ఆడువారు వేరొక రీతిని, నౌకరు తన రీతిని పలుకుదురు. ఉత్తర కోస్తా వీథులలో వినబడు పలుకుబడి యథాతథముగా పుటలపైకి ఎక్కెను. పలుకును బట్టియే పాత్ర కులము, చదువు, గుణము తెలియును. పండితులు కొందరు దీనిని నీచమనిరి. ఏ జనులను మేల్కొల్పదలచితిమో ఆ జనులకు తెలియని భాషలో వ్రాయుట, చెవిటివాని ముందు శంఖమూదుట వంటిదని అప్పారావుగారి నిశ్చయము.

1897లో ఆనందగజపతి మహారాజు పరమపదించెను. పిమ్మట అప్పారావుగారు మహారాజుగారి సోదరియైన రీవా మహారాణి అప్పలకొండయాంబగారికి కార్యదర్శిగా పనిచేసిరి. సంస్థాన వ్యవహారములు వారి కాలమును, ఆరోగ్యమును హరించినవి. అయినను రచనను మానలేదు. 1909లో కన్యాశుల్కమును ఎంతో పెంచి, మార్చి, దాదాపు నూతన గ్రంథముగా ప్రకటించిరి. నేడు మనము చదువుచున్న ఏడంకముల నాటకమిదియే. 1910లో ముత్యాల సరములను నూతన ఛందమున కవితలు వెలువడినవి. ధనమునకై ముసలివానికి కట్టబెట్టబడి చెరువు పాలైన బాలికను గూర్చిన పూర్ణమ్మ గాథ చదువరులచేత కన్నీరు పెట్టించును. దేశమును నేలగా గాక జనసముదాయముగా దర్శించిన దేశభక్తి గేయము తెలుగు పిల్లలందరికి పరిచితము.

ఆ యేడే వెలువడిన దిద్దుబాటు అను చిన్న కథ ఆధునిక తెలుగు కథకు దారి చూపెను. రాత్రి ప్రొద్దుపోవువరకు పాటకచేరీలలో కాలము గడపి వచ్చిన గోపాలరావునకు ఇంట భార్య కమలిని కనబడదు. ఒక ఉత్తరము మాత్రము కనబడును. చదువుకొన్న ఆ యిల్లాలు భర్తకు బుద్ధి చెప్పదలచి, ఇల్లు విడిచినట్లు వ్రాసి, మంచము క్రిందనే దాగియుండెను. నాటకమున మంచము క్రింద దాగినది మోసము. కథయందు దాగినది వివేకము. వస్తువొక్కటే, దానిని వాడుకొన్న మనసులు వేరు. ఇంటిలోని సామాన్య వస్తువుతో మనుష్యుల మర్మమును చూపుట అప్పారావుగారి ప్రత్యేకత.

వారి మరియొక పోరాటము బడిపిల్లల కొరకు. పాఠ్యగ్రంథముల భాష ఒకటి, పిల్లలు పలుకు భాష వేరొకటి. గిడుగు రామమూర్తిగారు, విశాఖపట్టణ కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల పరీక్షాధికారియైన యేట్సు దొర - వీరితో కలిసి అప్పారావుగారు శిష్టవ్యావహారికమునకు పట్టుపట్టిరి. 1911లో మద్రాసు విశ్వవిద్యాలయ పాఠ్యనిర్ణాయక సంఘమున సభ్యులైరి. అచట గ్రాంథిక వాదులదే పైచేయి కాగా, 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రమును సమర్పించిరి. ఆనాడు ఓడిపోయిన పక్షమే కాలక్రమమున గెలిచినది. నేడు పత్రికలు, కథలు, పాఠ్యపుస్తకములు విశేషముగా జీవద్భాషలోనే వెలువడుచున్నవి.

1913లో ఉద్యోగ విరమణ చేసిన అప్పారావుగారు, బహుకాలము బాధించిన అనారోగ్యమువలన 1915 నవంబరు 30వ తేదీన విజయనగరమున కీర్తిశేషులైరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. వారు నివసించిన ఇల్లు ఆ పట్టణమున స్మారకముగా నిలిచియున్నది. 1955లో కన్యాశుల్కము చలనచిత్రముగా వచ్చెను. రంగస్థలముపై ఆ నాటకము నేటికిని సజీవమే.

బాల్య వివాహములను నిరోధించు శారదా చట్టము 1929లో వచ్చెను; అప్పుడు బాలికకు కనీస వయస్సు 14 ఏండ్లు. నేడది 18 ఏండ్లు. కన్యాశుల్కము రూపుమాసినది, కాని వరుడే ధనము కోరు వరకట్నము దాని స్థానమును ఆక్రమించినది. 1961లో చట్టము దానిని నిషేధించినను, పెండ్లిపందిళ్ల చాటున ఆ బేరము నేటికిని సాగుచునే యున్నది. పేరు మారినది, బేరము మారలేదు. చట్టము శిక్షింపగలదు, కాని ముందుగా ఎవరో ఒకరు దానిని తప్పని చూచి, తప్పని పలుకవలెను.

కావున విద్యార్థులారా, మీరు నడచు వీథిని, మీరు కూర్చుండు అరుగును, మీ యింట జరుగు వేడుకలను కన్నులు తెరచి చూడుడు. ఎవరు కూర్చుందురో, ఎవరు నిలువబడి యుందురో, ఎవరి మాట వినబడునో, ఎవరి నోరు మూయబడునో గమనింపుడు. మనుష్యులు చేసిన వస్తువును మనుష్యులే మార్చుకొనగలరు. మనుష్యులు చేసిన ఆచారమును కూడ అట్లే మార్చుకొనగలరు. కళాశాలలో పాఠములు చెప్పుకొనుచు, ఒక చిన్న పట్టణములో బ్రతికిన ఒక ఉపన్యాసకుడు ఈ సత్యమును తన కలముతో నిరూపించి చూపెను.